కలిపి ఉంచే పనికి జీతం ఎవరిస్తారు? ఒక ఆర్కటిక్ సంస్థ మూతపడిన సందర్భంగా

(హైదరాబాద్‌లో విద్యార్థులు, సైన్సు అభిమానుల ముందు చేసిన ప్రసంగం, చివర రెండు ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే.

నేరుగా విషయంలోకి వస్తాను. 2025లో అమెరికాలో ఒక చిన్న సంస్థ మూతపడింది. పూర్తి పేరు ఆర్కటిక్ రీసెర్చ్ కన్సార్షియం ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్, మేమంతా ఆర్కస్ అనేవాళ్లం. 1988లో పుట్టింది, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ దాని సొంతూరు. యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు సభ్యులుగా చేరి నడుపుకున్న లాభాపేక్ష లేని సంస్థ. మూడున్నర దశాబ్దాలు దాటి నడిచి ఆగిపోయింది. నేను ఫెయిర్‌బ్యాంక్స్‌లో చదువుకున్నాను కాబట్టి ఆ వార్త తెలిసినప్పుడు చాలా బాధపడ్డాను, ఇప్పటికీ బాధగానే ఉంది. కానీ మీకు చెప్పాలనుకుంది నా బాధ సంగతి కాదు. ఆ సంస్థ ఏం చేసేదో చెబితే సైన్సు అసలు ఎలా నడుస్తుందో, అందులో ఏ పనికి డబ్బులు వస్తాయో, ఏ పనికి రావో మీకు తెలుస్తుంది. ఇక్కడ డిగ్రీ, పీజీ పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు, ముఖ్యంగా మీకోసమే ఈ మాటలు.

ఆర్కస్‌కి ల్యాబు లేదు. ఓడ లేదు, విమానం లేదు, ఉపగ్రహం లేదు. మంచు మీద వాళ్ల పేరుతో ఒక్క గుడారం కూడా ఉండేది కాదు. వాళ్లు చేసిందల్లా మనుషుల్ని కలపడం. ఎవరు ఏ ప్రశ్న మీద పని చేస్తున్నారు, ఎవరికి ఎవరితో పని పడుతుంది, ఏ ఓడలో చోటుంది, ఏ ఊరివాళ్లు పరిశోధకుల మీద కోపంగా ఉన్నారు, ఎందుకున్నారు, ఏ సమావేశంలో ఏం తేలింది, ఇవన్నీ కనిపెట్టుకుని ఉండి అందరికీ చేరవేయడం. పెళ్లిలో చూడండి, ఎవరు ఇంకా భోంచేయలేదో, ఏ బస్సు ఇంకా రాలేదో, పురోహితుడికి ఏం కావాలో చూసుకుంటూ పొద్దుట్నుంచి కాలు నిలవకుండా తిరిగే మనిషి ఒకరుంటారు. ఆల్బమ్‌లో ఆ మనిషి ఫొటో ఉండదు, కానీ ఆయన ఒక్క గంట కనబడకపోతే మొత్తం పందిరి గందరగోళమవుతుంది. ఆర్కస్ పని అలాంటిది.

ఈ కలిపే పని మిగతా సైన్సుల్లోనూ ఉంటుంది కదా, ధ్రువాల దగ్గర ఏంటి ప్రత్యేకం అని మీరు అడగొచ్చు. అక్కడ ఒక్కడే వెళ్లి చేయగలిగేది దాదాపు ఏమీ లేదండీ. పని చేసుకోవడానికి దొరికే కాలం కొన్ని వారాలు. ఒక విమానం ఒక రోజు ఎగరాలన్నా బోలెడు ఖర్చు. పైగా అమెరికాలో ఆర్కటిక్ సంగతి ఒకే శాఖ చేతిలో లేదు. పరిశోధనలకి నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఉంది, నాసా ఉంది, వాతావరణ శాఖ నోవా ఉంది, నౌకాదళం ఉంది, ఇంధన శాఖ, భూముల శాఖ ఉన్నాయి. ఎవరి బడ్జెట్ వాళ్లది, ఎవరి ఫారాలు వాళ్లవి. ఈ గజిబిజి చూసే 1984లో ఆర్కటిక్ పరిశోధనకు ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, ప్రభుత్వ శాఖల మధ్య ఒక కమిటీ పెట్టారు, సలహాకు ఒక కమిషన్ పెట్టారు. ప్రభుత్వం వైపు బల్ల తయారైంది, మరి బల్లకి ఇటువైపు, యూనివర్సిటీల తరఫున కూర్చునేది ఎవరు? నాలుగేళ్ల తర్వాత ఆర్కస్ వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే అసలు ధ్రువ పరిశోధన ఈ ఆలోచనతోనే మొదలైంది. ఆస్ట్రియా-హంగరీ నౌకాదళంలో కార్ల్ వేప్రెక్ట్ అని ఒక అధికారి ఉండేవాడు. 1872 నుంచి 1874 దాకా ఆయన ఓడ ఆర్కటిక్ మంచులో ఇరుక్కుపోయి, మంచు ఎటు లాగితే అటు కొట్టుకుపోయింది. ఆ కొట్టుకుపోవడంలోనే ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ అనే ద్వీపాల గుంపు కనబడింది. తిరిగొచ్చాక జనం ఆయన్ని హీరోని చేశారు. మామూలుగా అయితే ఇంకో ఓడ, ఇంకో యాత్ర అడిగేవాడు. ఆయన మాత్రం ఇలా తలా ఒక ఓడ వేసుకుని ఉత్తరాదికి పరుగులు పెడితే సైన్సుకి పెద్దగా ఒరిగేదేమీ లేదన్నాడు. అన్ని దేశాలూ ధ్రువం చుట్టూ స్టేషన్లు పెట్టి, ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో, ఒకేలాంటి పరికరాలతో కొలవాలి, అప్పుడే ఆ కొలతలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడగలం అని ఊరూరా తిరిగి వాదించాడు. 1882-83లో మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం జరిగింది. అది చూడకుండానే 1881లో ఆయన చనిపోయాడు.

ఆ ధ్రువ సంవత్సరం కోసం అమెరికా పెట్టిన రెండు స్టేషన్లలో ఒకటి కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మీర్ ద్వీపంలో, లేడీ ఫ్రాంక్లిన్ బే దగ్గర. 25 మంది వెళ్లారు. వాళ్లకి సరుకులు తేవాల్సిన ఓడలు వరసగా రెండు వేసవులు అక్కడికి చేరలేకపోయాయి. ఆకలితో, చలితో ఒక్కొక్కరే పోయారు, చివరికి బతికి ఇల్లు చేరింది ఆరుగురు. అంత దారుణంలోనూ వాళ్లు కొలతల పుస్తకాలు వదల్లేదు, భద్రంగా వెనక్కి తెచ్చారు. నాకు ఆ కథలో ఎప్పుడూ మనసుకి తగిలేది ఇదే. ఆ అంకెలు తమ ఒక్కళ్లవి కావని, మిగతా స్టేషన్ల అంకెలతో కలిస్తేనే వాటికి అర్థముందని వాళ్లకి తెలుసు.

ఇప్పుడు ఆర్కస్ చేతుల మీదుగా నడిచిన పనుల్లో రెండు మూడు దగ్గరగా చూపిస్తాను. అన్నీ చెప్పను, చాలా ఉన్నాయి.

మొదటిది సముద్రపు మంచు అంచనా, సీ ఐస్ ఔట్‌లుక్. ఆర్కటిక్ సముద్రం మీద మంచు ఏటా మార్చి నాటికి బాగా విస్తరించి, సెప్టెంబర్ నాటికి బాగా తగ్గుతుంది. ఉపగ్రహాలతో దీన్ని సక్రమంగా కొలవడం 1979 నుంచి ఉంది. 1980లలో సెప్టెంబర్ సగటు సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు ఉండేది, అంటే రెండు భారతదేశాల కంటే ఎక్కువ. 2007 సెప్టెంబర్‌లో అది ఒక్కసారిగా 43 లక్షలకు పడిపోయింది. అంతకుముందు రికార్డు 2005ది, దానికంటే పది లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా తక్కువ. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే రెండు లక్షల 75 వేలు, దాన్నిబట్టి ఊహించుకోండి. శాస్త్రవేత్తలు నిజంగా కంగారుపడ్డారు, ఎందుకంటే అంత పడుతుందని ఎవరి మోడలూ చెప్పలేదు.

అప్పుడు 2008లో ఈ ఔట్‌లుక్ మొదలైంది. పద్ధతి చాలా సులువు. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో, రాబోయే సెప్టెంబర్‌లో మంచు ఎంత మిగులుతుందో ఎవరి అంచనా వాళ్లు పంపాలి. సూపర్ కంప్యూటర్ మీద సముద్రాన్ని, గాలిని కలిపి నడిపే పెద్ద మోడల్ వాళ్లు పంపుతారు, గణాంకాలతో గీత గీసేవాళ్లు పంపుతారు, అనుభవంతో చెప్పేవాళ్లు కూడా పంపుతారు. తర్వాత్తర్వాత ఒక్కో నెల ముప్పై, నలభై అంచనాలు వచ్చేవి. అన్నీ పక్కపక్కన పెట్టి, మధ్య విలువ చూసి, ఎవరు ఎందుకు అలా అనుకున్నారో రాసి, రిపోర్టు వేస్తారు. సెప్టెంబర్ అయ్యాక అసలు అంకె పెట్టి, ఎక్కడ తప్పామో మళ్లీ ఇంకో రిపోర్టు.

తప్పుల గురించి రాసే ఈ రెండో రిపోర్టు నాకు చాలా ఇష్టం. 2012లో మంచు 36 లక్షలకు దిగజారింది, అందరి అంచనాల మధ్య విలువ కంటే బాగా కిందికి. 2013లో జనం ఆ భయంతో తక్కువ చెప్పారు, అదేమో 50 లక్షలు దాటింది. మామూలు ఏళ్లలో బాగానే చెప్పగలుగుతున్నాం, అసాధారణంగా ఉన్న ఏళ్లలోనే తప్పుతున్నాం అని అలా తేలింది. అంటే ఎప్పుడు అవసరమో అప్పుడే చెప్పలేకపోతున్నాం! ఏ ఒక్క గ్రూపూ తన ఆఫీసులో కూర్చుని ఈ సంగతి తెలుసుకోలేదు. తన మోడల్ తప్పింది అనుకుంటుంది, సరిచేసుకుంటుంది, అంతే. అందరూ కలిసి ఒకేవైపు తప్పారని తెలియాలంటే అందరి అంకెలూ ఒక బల్ల మీదికి రావాలి, వాటిని రప్పించేవాళ్లు ఒకరుండాలి. జూన్ మొదట్లో గడువు గుర్తుచేయాలి, గడువు దాటితే మళ్లీ గుర్తుచేయాలి, అంకె ఒక పద్ధతిలో, వివరణ ఇంకో పద్ధతిలో పంపితే వెనక్కి పంపి సరిచేయించాలి. చాదస్తంలా కనిపించే పని. దీని మీద పీహెచ్‌డీ రాదు.

రెండోది చెబుతాను, ఇది ఇంకా ముఖ్యం. బేరింగ్ జలసంధి దగ్గర సెయింట్ లారెన్స్ ద్వీపం ఉంది. మ్యాపులో చూస్తే అమెరికాదే కానీ, అలాస్కా ప్రధాన భూభాగం కంటే రష్యా ఒడ్డే దానికి దగ్గర. అందులో గ్యాంబెల్, సవూంగా అని రెండు ఊళ్లు, యూపిక్ అనే ఆదివాసీ ప్రజలవి. వసంతకాలంలో మంచు ఉత్తరానికి వెనక్కి తగ్గుతుంటే, దాని మీద విశ్రాంతి తీసుకుంటూ వాల్రస్‌లు, అంటే పొడుగు దంతాలుండే పెద్ద సముద్ర జంతువులు, పిల్లల తల్లులతో సహా, అటు ప్రయాణం కడతాయి. ఆ కొన్ని వారాల్లో వేటాడినదే ఆ ఊళ్లకి సంవత్సరమంతా తిండి. మనకి తీరికగా మార్కెట్‌కి వెళ్లడం అలవాటు, అక్కడ ప్రతి సరుకూ విమానంలోనో, వేసవి ఓడలోనో రావాలి, ధర చెప్పక్కర్లేదు.

మంచు మారిపోతుంటే తాతల నాటి లెక్కలు కుదరడం లేదు. వేటగాడికి కావాల్సింది 2100 నాటికి ఎంత కరుగుతుందో కాదు, రాబోయే వారం రోజుల్లో గాలి ఎటు, మంచు ఒడ్డుకి నెట్టుకొస్తుందా, పడవ దింపితే తిరిగి రాగలనా అని. 2010లో వీళ్లకోసం వాల్రస్ మంచు ఔట్‌లుక్ మొదలుపెట్టారు. వేట కాలంలో వారం వారం వచ్చేది. వాల్రస్ వేటాడే ఊళ్ల తరఫున ఉండే ఎస్కిమో వాల్రస్ కమిషన్, అమెరికా జాతీయ వాతావరణ సర్వీసు, అలాస్కా యూనివర్సిటీ, ఊళ్లలో మంచు చూసి రాసే స్థానికులు, వీళ్లందరి మధ్యా నిలబడి దాన్ని బయటికి తెచ్చింది ఆర్కస్.

ఒక సంచిక ఎలా ఉంటుందో చెబుతాను. ముందు వాతావరణ సర్వీసు వాళ్లది, ఒక్కో ఊరికి విడివిడిగా: గ్యాంబెల్ దగ్గర ఈ రోజు గాలి ఎటు, ఎంత, రేపు ఎటు తిరుగుతుంది, ఉష్ణోగ్రత ఎంత. కింద ఉపగ్రహ చిత్రాలు, తెల్లగా మంచు, నల్లగా నీళ్లు, మధ్యలో పగుళ్లు. ఆ కింద ఊరివాళ్ల మాటలు. ఒడ్డుకి అతుక్కున్న మంచు ఇంకా గట్టిగా ఉందా, ఆవల నీళ్లు తెరుచుకున్నాయా, ఎవరి పడవ వెళ్లొచ్చింది, వాల్రస్‌లు కనబడ్డాయా, ఇలాంటివి, వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే పద్ధతిలోనే. ఉపగ్రహం చూసి మంచు పలచగా ఉందంటే, ఊరి పెద్ద అది పలచన కాదు, పైన నీళ్లు నిలిచాయి అని చెప్పగలడు. ఇద్దరూ ఒకే పేజీ మీద ఉన్నారు. శాస్త్రవేత్తలు ఊళ్లోకి వచ్చి ప్రశ్నలడిగి, సమాచారం పట్టుకెళ్లి, మళ్లీ మొహం చూపించకపోవడం అక్కడ పాత గొడవ. దానికి నాకు తెలిసిన అతి మంచి జవాబుల్లో ఈ పేజీ ఒకటి.

ఇదంతా ఎంత అవసరమో 2013లో తెలిసింది. ఆ వసంతంలో గాలీ, మంచూ అస్సలు అనుకూలించలేదు. గ్యాంబెల్, సవూంగాల్లో వేట ఎంత దెబ్బతిందంటే, అలాస్కా గవర్నరు ఆ ద్వీపానికి ఆర్థిక విపత్తు ప్రకటించాల్సి వచ్చింది. ఔట్‌లుక్ ఉండి కూడా మంచుని మార్చలేదు, నిజమే. కానీ పడవ దింపదగ్గ రోజులు నాలుగే ఉన్నప్పుడు, ఆ నాలుగు రోజులు ఏవో తెలియడం ప్రాణంతో సమానం.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్‌లోనే, ప్రగతి నగర్ దగ్గర, ఇన్‌కాయిస్ ఉంది, సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం. చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో ఉపగ్రహాల సాయంతో గుర్తించి, అలలు ఎంత ఎత్తు ఉంటాయో లెక్కకట్టి, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం మత్స్యకారులకి తెలుగులో చేరవేస్తారు. సముద్రానికి దూరంగా, దక్కన్ పీఠభూమి మీద కూర్చుని! ఆ సమాచారం తయారు చేయడం సగం పని, రేవులో బోర్డు మీదికి, ఫోన్‌లోకి, మత్స్యకార సంఘం పెద్ద నోట్లోకి చేర్చడం మిగతా సగం. మనకి అది ప్రభుత్వ సంస్థ, జీతాలు పద్దులో ఉంటాయి, ఏటా కొనసాగుతుంది. బేరింగ్ తీరంలో ఆ రెండో సగాన్ని ఒక చిన్న లాభాపేక్ష లేని సంస్థ గ్రాంటు మీద గ్రాంటు తెచ్చుకుని నడిపింది. తేడా అక్కడుంది.

టీచర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. పోలార్‌ట్రెక్ అని 2007 ప్రాంతంలో, నాలుగో ధ్రువ సంవత్సరం సమయంలో మొదలైంది. మామూలు స్కూలు టీచర్లని, వాళ్ల దరఖాస్తు చూసి, పరిశోధన బృందంతో కలిపి కొన్ని వారాలు ఆర్కటిక్‌కో, అంటార్కిటికాకో పంపేవాళ్లు. వాళ్లు అక్కడ పని చేసేవాళ్లు, మంచు తవ్వేవాళ్లు, రోజూ రాసేవాళ్లు, అక్కడి నుంచే తమ క్లాసు పిల్లలతో మాట్లాడేవాళ్లు. ఒక టీచర్ ఒక్కసారి వెళ్లొస్తే రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచ్‌కీ అది చెబుతుంది. ఇలాగే ఆర్కటిక్ ఆదివాసుల సంఘమైన ఇన్యూట్ సర్కంపోలార్ కౌన్సిల్ అలాస్కా శాఖతో కలిసి ఆదివాసీ పండితుల్ని వాషింగ్టన్ తీసుకెళ్లి, చట్టాలు చేసేవాళ్ల ముందు నేరుగా కూర్చోబెట్టే కార్యక్రమం కూడా నడిపారు.

మరి ఇంత చేసిన సంస్థ ఎందుకు ఆగిపోతుంది? డబ్బు దగ్గరికి రాక తప్పదు.

ఇలాంటి సంస్థలకి సభ్యత్వ రుసుము కొంత వస్తుంది, అది కరెంటు బిల్లుకి సరిపోతుంది. మిగతాది ప్రధానంగా అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నుంచి, గ్రాంటుల రూపంలో. గ్రాంటుకి గడువు ఉంటుంది, మూడేళ్లు, అయిదేళ్లు. ప్రతిసారీ కొత్తగా ఏం చేస్తావని అడుగుతారు. కలిపి ఉంచే పనిలో కొత్తదనం ఏముంటుంది చెప్పండి? నిరుడు చేసిందే ఈ ఏడూ చేయాలి, ఇంకా జాగ్రత్తగా చేయాలి, అదే దాని విలువ. కమిటీలో కూర్చున్నవాళ్లకి ఒకవైపు కొత్త పరికరం, ఇంకోవైపు పాత సమన్వయం కనిపిస్తే చెయ్యి ఎటు వెళ్తుందో నేను చెప్పక్కర్లేదు. పైగా 2025లో అక్కడ అసలు వాతావరణమే మారింది. ఫౌండేషన్ మొత్తం బడ్జెట్‌ని సుమారు 900 కోట్ల డాలర్ల నుంచి 390 కోట్లకు, అంటే సగం కంటే ఎక్కువ కోసేద్దామని ప్రభుత్వం ప్రతిపాదించింది. ప్రతిపాదన అమలు కావడం వేరే సంగతి, కానీ ఆ అంకె బయటికి రాగానే అందరూ ఉన్న ఉద్యోగాలు ఎలా కాపాడుకోవాలా అన్న టెన్షన్‌లో పడ్డారు. అదే ఏడాది జూన్‌లో, సముద్రపు మంచు కొలతలకి దశాబ్దాలుగా ఆధారమైన అమెరికా రక్షణ శాఖ ఉపగ్రహాల డేటా నెలాఖరుకి ఆపేస్తామన్నారు, తర్వాత ఇంకో నెల అన్నారు, గగ్గోలు లేచాక కొనసాగిస్తామన్నారు. కొలిచేవాళ్ల పరిస్థితే అలా ఉంటే, కొలిచేవాళ్లని కలిపేవాళ్ల పరిస్థితి ఏమవుతుంది?

కెనడాలో ఇంతకుముందు దాదాపు ఇదే జరిగింది. అక్కడ వాతావరణ పరిశోధనకి నిధులిచ్చే ఒక ఫౌండేషన్ ఉండేది, 2000లో పెట్టారు, ప్రభుత్వం డబ్బిచ్చేది. కొన్నేళ్లకి ఆ డబ్బు అయిపోయింది, మళ్లీ ఇవ్వలేదు. దాని మీద ఆధారపడిన వాటిలో పెర్ల్ అనే వాతావరణ పరిశోధన స్టేషన్ ఒకటి, ఎల్స్‌మీర్ ద్వీపంలో యురేకా దగ్గర, 80 డిగ్రీల ఉత్తరాన. 2011 వసంతంలో ఆర్కటిక్ మీద ఓజోన్ అంతకుముందెన్నడూ లేనంతగా దెబ్బతింటే, దాన్ని కొలిచిన చోట్లలో అదీ ఉంది. మరుసటి ఏడాదే, 2012లో, సంవత్సరం పొడుగునా నడపలేమని చేతులెత్తేసింది. 2013లో మళ్లీ డబ్బిచ్చారు, బతికింది. కానీ ఆగిన నెలల కొలతలు ఎవరూ తిరిగి తేలేరు. గాలిలో ఉన్నదాన్ని ఆ రోజు కొలవకపోతే ఇక కొలవనట్టే.

ఆర్కస్ మూత గురించి చాలామంది చెప్పే ఓదార్పు ఏమిటంటే, పనులు వేరేవాళ్లకి అప్పగిస్తారు కదా అని. కొంత నిజం ఉంది. అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి సంస్థ మూసేటప్పుడు అప్పులు తీర్చాక మిగిలిన ఆస్తి సొంతంగా పంచుకోవడానికి లేదు, అలాంటి ధర్మకార్యం చేసే మరొకరికే చేరాలి. డేటాకి వేరే భాండాగారాలు ఉన్నాయి, కాలిఫోర్నియాలో ఆర్కటిక్ డేటా సెంటర్ ఉంది. నా దిగులు డేటా గురించి కాదు. ఫలానా ఊళ్లో పరిశోధన చేయాలంటే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఆ ఊరివాళ్లు ఏ నెలలో మాట్లాడరు, ఏ ప్రశ్న అడిగితే నొచ్చుకుంటారు, ఏ ప్రొఫెసర్ పిలిస్తే వస్తాడు, ఏ అధికారికి ఏ భాషలో రాస్తే ఫైలు కదులుతుంది, ఇది ఏ డేటాబేస్‌లోనూ ఉండదు. పాతికేళ్లు అక్కడ పనిచేసిన మనుషుల బుర్రల్లో ఉంటుంది. వాళ్లు వేరే ఊళ్లో వేరే ఉద్యోగం చూసుకుంటారు, చూసుకోవాలి, పిల్లలున్నారు, ఇంటి లోన్లున్నాయి. అక్కడితో అది పోతుంది.

ఇది జరిగిన సమయం కూడా మంచిది కాదు. ఆర్కటిక్ తీరంలో దాదాపు సగం రష్యాది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక వాళ్ల శాస్త్రవేత్తలతో పని చాలావరకు తెగిపోయింది, ఆ ప్రాంతపు దేశాల ఉమ్మడి వేదిక ఆర్కటిక్ కౌన్సిల్ సమావేశాలే కొంతకాలం ఆగాయి. అయిదో అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం 2032-33కి పెట్టుకున్నారు, దాని ఏర్పాట్లు ఇప్పుడే జరగాలి. కలిపేవాళ్ల అవసరం పెరుగుతున్న రోజుల్లో కలిపేవాళ్లు తగ్గుతున్నారు.

మనకీ దీనితో సంబంధం ఉంది. 2008 నుంచి నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ ద్వీపాల్లో, న్యూ ఓలెసుండ్ అనే చోట, మన హిమాద్రి స్టేషన్ ఉంది. 2014లో అక్కడి సముద్రపు పాయలో ఇండార్క్ అనే పరికరాల వరసని నీళ్లలోకి దింపారు. 2023 డిసెంబర్ నుంచి చలికాలం చీకట్లో కూడా మనవాళ్లు వెళ్తున్నారు. ఆ ఊళ్లో వైఫై, బ్లూటూత్ వాడకూడదు, తెలుసా? దగ్గర్లో రేడియో టెలిస్కోపు ఉంది, దానికి అడ్డం వస్తుందని ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుని తిరగాలి. ఎన్నో దేశాల స్టేషన్లు, అందరూ ఆ ఒక్క నియమానికి కట్టుబడి ఉంటారు. ఎందుకంటే ఊరి నిర్వహణ నార్వే ప్రభుత్వ కంపెనీ ఒకటి చూసుకుంటుంది, స్టేషన్ల మేనేజర్లకి ఒక ఉమ్మడి కమిటీ ఉంది, ఎవరు ఏ లోయలో ఏ పరికరం పెడుతున్నారో ముందే తెలుస్తుంది. ఆ కంపెనీ, ఆ కమిటీ లేకపోతే హిమాద్రిలో మన పరిశోధకుడు చేసే కొలత పక్కవాడి యాంటెనా వల్లే పాడవుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, ఇప్పుడు అందరికీ ఇంటర్నెట్ ఉంది, వీడియో మీటింగులున్నాయి. శాస్త్రవేత్తలే వంతులవారీగా ఈ పని పంచుకోవచ్చు కదా, దీనికి ప్రత్యేకంగా సంస్థ ఎందుకు?

మంచి ప్రశ్న. మొదటి ఏడాది పంచుకుంటారు, నిజంగా చేస్తారు, వాళ్లలో ఆ ప్రేమ ఉంది. రెండో ఏడాది ఒకరు ఫీల్డ్‌కి వెళ్తారు, ఒకరికి ప్రమోషన్ ఫైలు ఉంటుంది, ఒకరి స్టూడెంట్ థీసిస్ ఉంటుంది. యూనివర్సిటీలో వాళ్లని లెక్కించేది పేపర్లతో. మీటింగ్ పెట్టినందుకు ఎవరూ పాయింట్లు వేయరు. ఇంకోటి, వంతు పెద్దవాళ్ల దాకా వెళ్లదు. ఎప్పుడూ చిన్నవాళ్ల మీదే పడుతుంది, పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలికంగా పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌ల మీద, ముఖ్యంగా ఆడవాళ్ల మీద. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కానివాళ్లు జీతం లేని పని చేస్తూ తమ పేపర్లు వెనకపడేసుకుంటారు. ఇక గ్యాంబెల్ వేటగాడి సంగతి. ఆయనకి ఏటా కొత్త మనిషి ఫోన్ చేసి మళ్లీ మొదటి నుంచి పరిచయం చేసుకుంటే ఎన్నేళ్లు మాట్లాడతాడు? టూల్ ఉంటే సరిపోదమ్మా, ఫోన్ ఎత్తే మనిషి అదే మనిషి అయి ఉండాలి.

ప్రశ్న: మేము ఇక్కడి నుంచి ఏం చేయగలం?

ధ్రువ పరిశోధన మీద ఆసక్తి ఉన్నవాళ్లు గోవాలోని ఎన్‌సీపీఓఆర్, అంటే ధ్రువ, సముద్ర పరిశోధన జాతీయ కేంద్రం, దాని ప్రకటనలు చూస్తూ ఉండండి, మన యాత్రలన్నీ అక్కడి నుంచే. చదువుకునేవాళ్లకి, కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్లకి ఏపెక్స్ అని అంతర్జాతీయ సంఘం ఉంది, అది కూడా స్వచ్ఛందంగా నడిచేదే, చేరండి, ఊరికే పేరు రాయించుకోవడం కాకుండా ఏదైనా ఒక పని తీసుకోండి. 2032-33 నాటికి ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు పీహెచ్‌డీ అయిపోయి, సొంతంగా ప్రాజెక్టులు రాస్తుంటారు. అప్పుడు బడ్జెట్ పేజీకి వచ్చేసరికి పరికరాలు, ప్రయాణాలు, ఫెలోషిప్పులు రాశాక, సమన్వయం చూసే మనిషికి పూర్తి జీతంతో ఒక వరుస రాయండి. ప్రాజెక్టు ఎన్నేళ్లో అన్నేళ్లకీ రాయండి. కమిటీలో ఎవరో ఒకరు దాన్ని కొట్టేయమంటారు, అది లేకపోతే మిగతాది కూడా వద్దని చెప్పే ధైర్యం చేయండి.